మన ముంగిట్లోని వింతలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చే వింత సంగతులు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఈఫిల్ టవరు ఏ దేశంలో ఉందంటే మన పిల్లలు ఠక్కున చెబుతారు. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే మాత్రం నోరు తెరుస్తారు. గుంటూరు గొప్పేమిటంటే మిరపకాయలంటారు! అందుకని గుంటూరు నుంచే మొదలెడతాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ దొర మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును పరికరంతో రంగులుగా విడదీసి చూస్తే, అందులో ఒక పసుపుపచ్చ గీత కనబడింది. సోడియం అనుకుందామంటే దాని గీతలకు ఇది కలవలేదు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ కూడా ఆ గీతను చూసి, ఇది భూమ్మీద ఎవరూ ఎరగని మూలకమన్నాడు. గ్రీకులో సూర్యుని పేరునుబట్టి దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద రామ్సేకు అది చిక్కింది 1895లో. అంటే చేతికి అందడానికి 27 ఏళ్ళ ముందే సూర్యుడిలో కనబడిందన్నమాట!

సినిమా సంగతి ఒక్కటే చెబుతాను. ‘ఆలం ఆరా’, ‘కాళిదాసు’, ‘భక్త ప్రహ్లాద’ – హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ వేషం వేసిన మనిషి ఒకాయన ఉన్నారు. ఏలూరు దగ్గరి పల్లెలో పుట్టిన ఎల్.వి. ప్రసాద్‌గారు.

ఉర్దూ మాస్టారికి తెలుగు గొడవెందుకని నన్నడిగేవారున్నారు. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం పొన్నగంటి తెలగన ‘యయాతి చరిత్ర’. కుతుబ్‌షాహీల కాలంలో ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నదెవరనుకున్నారు? పటాన్‌చెరు అమీన్‌ఖాన్!

ఇక ఆటలు. బంతి పట్టుకుంటే చదువు మట్టిగొట్టుకుపోతుందని కొడుకుల్ని బాదే తండ్రులు ఇది కాస్త వినాలి. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. మన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు ఆయనే. 1951లో ఏషియాడ్ బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్నా పైకి ఇంకెప్పుడూ పోలేదు. 1962 జకార్తా ఏషియాడ్‌లో వెనుక కాపు కాసే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ అతణ్ణి ముందు వరుసలోకి పంపారు! ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1తో నెగ్గాం. ఆ రెండింటిలో ఒక గోలు జర్నైల్‌దే.

అప్పటికే మాస్టారికి కాన్సరు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన కథ ‘మైదాన్’ పేరుతో హిందీ సినిమాగా వచ్చేసరికి 2024 అయింది.

ఇక సెలవు. ప్రశ్నలుంటే పిల్లలు భోజనాల తర్వాత నన్ను పట్టుకోవచ్చు.