సమీక్ష పేజీకీ బీరువాకీ మధ్య



ఎవరి పేరిట ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పడిందో ఆయన గుణగణాలు ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఆయన్ని జీవితాంతం వేధించిన ప్రశ్న ఒక్కటి తీసుకుంటాను. గ్రంథాలయానికి ఏ పుస్తకం కొనాలో చెప్పేదెవరు?

సమీక్షకుడు అంటాం. అది అమెరికాలో చాలావరకు నిజం. అక్కడ లైబ్రరీ జర్నల్ 1876 నుంచీ, బుక్‌లిస్ట్ 1905 నుంచీ ఉన్నాయి. 1933లో వర్జీనియా కర్కస్ అనే ఆవిడ ఇంకా బజారుకు రాని పుస్తకాల ప్రూఫులు తెప్పించుకుని చదివి, తన అభిప్రాయాన్ని చందాదారులైన పుస్తకాల షాపులకు పంపడం మొదలుపెట్టింది. లైబ్రరీలు తర్వాత చేరాయి. ఆమె కిటుకంతా ఆ 'ముందు'లోనే ఉంది. పుస్తకం వచ్చేనాటికే లైబ్రేరియన్ చేతిలో ఒక చిన్న పేరా ఉంటుంది, ఆర్డరు రాయడానికి అది చాలు. బుక్‌లిస్ట్ తనకు నచ్చినవాటినే అచ్చువేస్తుంది. కర్కస్‌కు ఆ మొహమాటం లేదు. లైబ్రరీ జర్నల్‌లో రాసేవాళ్లలో చాలామంది బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలిచ్చే లైబ్రేరియన్లే.

ఆ ఏర్పాటు దోషం లేనిదేమీ కాదు. అందరూ అవే పత్రికలు చూసి కొంటే ఊరూరా బీరువాలు ఒక్కలాగే నిండుతాయి. వాటి కంటపడని చిన్న ప్రచురణకర్త ఒక్కసారిగా అన్నిచోట్లా లేకుండా పోతాడు.

ఇక మన సంగతి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక గ్రంథాలయోద్యమానికి గొంతయింది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావుగారి 'భారతి' పత్రిక వచ్చింది. ఆనాటి పల్లె గ్రంథాలయాలు చందాలతో నడిచేవి. పత్రికలో విమర్శ చదివే మనిషే కార్యవర్గంలోనూ కూర్చునేవాడు. సమీక్షకూ కొనుగోలుకూ మధ్య ఉన్నది ఆ ఒక్క తలే.

1960 గ్రంథాలయ చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వాటికి ఆధారం. చందాల కోసం ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పింది. అది చిన్న మేలు కాదు. అయితే ఎంపిక పాఠకుడి చేయి దాటి కమిటీకి చేరింది. 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయమూ జాబితాల దారినే వస్తుంది. ప్రచురణకర్త దరఖాస్తు పెడతాడు, నమూనా ప్రతి ఇస్తాడు, డిస్కౌంటు ఒప్పుకుంటాడు. ఈ కాగితాల మధ్య సమీక్ష అడిగిన గడి నాకెక్కడా కనబడలేదు.

అడిగినా ఏం దొరికేది? సమీక్షకు రెండు ప్రతులు పంపమంటాయి మన పత్రికలు. పంపితే ముందు 'స్వీకారం' శీర్షిక కింద పేరు, వెల, చిరునామా. నెలలు గడిచాక, అదృష్టముంటే, సమీక్ష. సొంత డబ్బుతో ఐదొందల ప్రతులు వేసుకున్న రచయిత అప్పటికే సగం మిత్రులకు పంచేసి ఉంటాడు. వచ్చిన సమీక్షలోనైనా రచయిత పుట్టుపూర్వోత్తరాలు, ముందుమాటలోని పొగడ్త, చివర అచ్చుతప్పుల మీద ఒక వాక్యం. గ్రంథపాలకుడికి కావలసిన మాటలు వేరు. ఇది కొత్త పుస్తకమా, పేరు మార్చుకున్న పాత సంపుటా? పదసూచి ఉందా? అక్షరం పెద్దవాళ్ల కళ్లకు ఆనుతుందా? ఇరవై చేతులు మారేదాకా బైండింగు నిలుస్తుందా? ఇవి చిల్లర విషయాలని సాహిత్య విమర్శకులు అనుకుంటారు కాబోలు.

చెడ్డమాట రాయడానికి మనకు మహా జంకు. మర్నాడు సభలో ఎదురుపడాలి కదా! న్యూయార్క్ టైమ్స్ సమీక్షల మీద బెర్గర్, సోరెన్సన్, రాస్ముసెన్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ జంకును కొంత తగ్గించాలి. ప్రతికూల సమీక్ష వల్ల పేరున్న రచయితల అమ్మకాలు దాదాపు 15 శాతం పడిపోయాయి. కొత్తవాళ్లవి దాదాపు 45 శాతం పెరిగాయి. ఊరూపేరూ తెలియని పుస్తకం ఉందన్న సంగతి తెలియడమే పాఠకుడికి మొదటి మెట్టు. మనం కాపాడుతున్నామనుకుంటున్న కొత్త రచయితకు మన మౌనమే ఎక్కువ నష్టం. తక్కువ డబ్బున్న గ్రంథాలయానికి మాత్రం 'ఇది కొనకండి' అన్న మాట 'బాగుంది' అన్న పది మాటల పెట్టు.

ఇక చదివేవాళ్ల సంగతి. జిల్లా గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీలు పట్టుకునే పిల్లలు గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు. వాళ్లకు సమీక్షలతో పనిలేదు, సిలబస్ చాలు. నవల కోసం వచ్చే గృహిణి, రిటైరైన మాస్టారు రచయిత పేరు చెప్పి అడుగుతారు, లేదా పక్కవాళ్లు తిరిగిచ్చిన పుస్తకం తీసుకుపోతారు. బాలల పుస్తకాలకూ సైన్సు పుస్తకాలకూ సమీక్షలే అరుదు. కవిత్వానికేమో లోటు లేదు. సమీక్షించేవాళ్లలో కవులు ఎక్కువ మరి!

కొనడానికి ఆలస్యమైన సమీక్ష చదివించడానికి ఆలస్యం కాదు. మన దగ్గరున్న పుస్తకం మీద ఎప్పుడో వచ్చిన సమీక్షను కత్తిరించి, బీరువా నంబరు రాసి, నోటీసు బోర్డుకు అంటిస్తే ఖర్చు జిగురు సీసా ఒక్కటే.

జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిగారు ముందు వరుసలోనే ఉన్నారు కనుక రెండు కోరికలు చెప్పి సెలవు తీసుకుంటాను. ఎంపిక దరఖాస్తులో సమీక్షల ప్రతులు జతచేసే గడి ఒకటి పెట్టండి, ప్రతికూలమైనవి కూడా. శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు నెలకొక పుస్తకం మీద ఒక పేరా రాసి పంపితే, అది ఎంపిక కమిటీ బల్ల మీదికి వెళ్లేలా చూడండి.