దురదకు మందు వేసుకునే ముందు

(దోహాలో సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది సాయంకాలపు బడి తెలుగు. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి మలయా రబ్బరు తోటకు వెళ్లారు. నాన్నగారూ మేమూ ఆ తోటలోనే పుట్టాము. పగలు ఇంగ్లీషు, మలాయి చదువు; పొద్దుగూకాక లాంతరు కింద అ ఆలు. కాబట్టి తప్పులు దొర్లితే మన్నించండి. నృత్యాలకూ పాటలకూ మధ్య దురద గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు మొదట నవ్వారు. తరువాత గొంతు తగ్గించి, "మాట్లాడండి టీచరుగారూ, మా ఇంట్లోనూ ఉంది" అన్నారు.

మేము చెప్పేది ఈస్టు గురించి. వైద్యులు కాండిడా అంటారు. రొట్టె పిండిని పొంగించే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. చాలామంది నోటిలో, పేగులలో, చర్మం మీద ఇది ఎప్పుడూ కొంత ఉంటుంది. ఉన్నంత మాత్రాన రోగం కాదు. వెచ్చదనం, తడి, చక్కెర దొరికితే పెరిగిపోతుంది. దోహాలో ఆగస్టు నెలలో పిండి ఎంతసేపట్లో పులుస్తుందో మన ఆడవారికి వేరే చెప్పాలా? చెమటకు తడిసిన గజ్జలు, పొట్ట మడత, రొమ్ముల కింద, పసివాళ్ల డైపరు, అన్నీ దానికి అనువైన చోట్లే. పసిపిల్లల నోట్లో తెల్లగా పేరుకునే పూత కూడా ఇదే. మా తోటలో డ్రస్సరు దానికి ఊదారంగు మందు పూసేవాడు. వారం రోజులు పిల్లలందరి నోళ్లూ నేరేడుపళ్లు తిన్నట్టుండేవి.

ఇక ఆడవారి సంగతి. "తెల్లబట్ట అవుతోంది, మంటగా ఉంది" అని కూతురు గుసగుసగా చెబుతుంది. "వేడి చేసింది, సబ్జా గింజలు తాగు" అని తల్లి అంటుంది. మాట అంతటితో ఆగిపోతుంది. అరవై దాటిన మేమే ఆగిపోయాము, చిన్నవాళ్లను ఏమంటాము?

మాకు చక్కెర జబ్బు ఉంది. ఆ ఏడు డాక్టరుగారు పాత గ్లిమెపిరైడ్ మాత్రతో పాటు డాపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త మాత్ర ఇచ్చారు. మంచి మందే. అది ఒంట్లోని చక్కెరను మూత్రంలోకి పంపుతుంది. ఆ చక్కెరే ఈస్టుకు మేత. కొందరికి దానివల్ల అక్కడ దురద వస్తుంది, మాకూ వచ్చింది. సిగ్గుపడి డాక్టరుతో చెప్పలేదు. సూట్‌కేసులో ఇంటినుంచి తెచ్చిన ట్యూబు ఉంది, పూశాము. రెండు రోజులలో హాయి! పదో రోజుకు ఎర్రదనం తొడల దాకా పాకింది. అప్పుడొక స్నేహితురాలు తన దగ్గర మిగిలిన ఫ్లూకోనజోల్ బిళ్లలు పెట్టింది. పాపం, ప్రేమగానే ఇచ్చింది. రోజుకొకటి మింగాము. మూడో సాయంకాలం బడిలో వత్తులు చెబుతుండగా చెయ్యి వణికింది, చెమట పోసింది, పలక మీది అక్షరాలు రెండుగా కనిపించాయి. ఒక పిల్లవాడి తల్లి చూసి, గబగబా చక్కెర నీళ్లు తాగించి, నోట్లో ఖర్జూరం పెట్టింది. తరువాత మీటరులో చూస్తే ఇంకా 54.

ఆసుపత్రిలో విడమరచి చెప్పారు. ఫ్లూకోనజోల్ కాలేయంలో గ్లిమెపిరైడ్ కరిగే దారిని అడ్డుతుందట. ఒక మాత్ర రెండు మాత్రల పని చేసి చక్కెరను పడదోసింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు. కొలెస్టరాల్‌కు వాడే కొన్ని మాత్రలతో కలిస్తే కండరాలు దెబ్బతినవచ్చు. నోట్లో రాసే మైకోనజోల్ జెల్ కూడా వార్ఫరిన్‌తో పనికిరాదు. గర్భిణులు ఫ్లూకోనజోల్‌ను సొంతంగా మింగనే కూడదు. వారికి లోపల పెట్టే మందు వేరే ఉంది, ఎన్నాళ్లు పెట్టుకోవాలో డాక్టరే చెబుతారు.

మరి ఆ ట్యూబు? మా బడి పిల్లల చేత పేరు చదివించాము. మేము క్లోట్రిమజోల్ అనుకున్నాము, పిల్లవాడు క్లోబెటసోల్ అని చదివాడు! రెండూ 'క్లో' తోనే మొదలు. మొదటిది ఈస్టును చంపేది, రెండోది బలమైన స్టెరాయిడు. స్టెరాయిడు ఎర్రదనాన్నీ దురదనూ అణచి, ఒంటి కాపలాను నిద్రపుచ్చుతుంది. చాటున ఈస్టు పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. రెండూ, ఇంకో రెండూ కలిపిన ట్యూబులు మన ఊళ్లలో ఎన్నో అమ్మారు. భారతదేశంలో స్టెరాయిడు పూతలను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో నిబంధన తెచ్చారు. అప్పటికే తామర మొండిదైపోయింది. మామూలు టెర్బినాఫిన్‌కు తరచు లొంగని తామర బూజు ఒకటి అక్కడ ప్రబలింది. దానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఇందుకా పెట్టాలి, అని మాకు కష్టమనిపించింది.

పేరన్నాక మరో సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా అక్కడ ఆరియోమైసిన్ దొరికింది, 1948లో లోకానికి తెలిసింది. అటువంటి మందులు చెడ్డ సూక్ష్మజీవులతో పాటు మంచివాటినీ చంపుతాయి, ఖాళీ అయిన చోట ఈస్టు పెరుగుతుంది. దానికి విరుగుడు వెతికి 1950లో ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీలు నిస్టాటిన్‌ను లోకానికి చెప్పారు. వచ్చిన రాయల్టీ తమకు ఉంచుకోక విజ్ఞానానికి ఇచ్చేశారు. నేటికీ జలుబుకు దాచుకున్న యాంటీబయాటిక్ మింగి దురద తెచ్చుకునేవారు మనలో ఉన్నారు.

మొదటిసారి వస్తే సొంత వైద్యం వద్దు. తెల్లబట్ట పెరుగు విరిగినట్టుంటే ఈస్టు కావచ్చు. దుర్వాసన, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే మరొకటి కావచ్చు. మాటిమాటికీ వస్తుంటే చక్కెర పరీక్ష చేయించుకోవాలి. మందు ఇచ్చినన్నాళ్లూ వాడాలి, దురద ఆగిందని మానకూడదు. చక్కెర మాత్రను మాత్రం మనంతట మనం ఆపకూడదు. క్రిమిసంహారక ద్రవాలతో లోపల కడగవద్దు. పెరుగు తినడానికే. హెల్త్ సెంటరులో సిగ్గుగా ఉంటే లేడీ డాక్టరు కావాలని అడగండి, మేమూ అలాగే అడిగాము. వేసుకునే మందులన్నీ ఒక సంచిలో పట్టుకువెళ్లి బల్ల మీద పెట్టండి. నోటితో చెప్పలేనిది సంచి చెబుతుంది.

భోజనాల దగ్గర మేము కళ్లద్దాలు పెట్టుకొని కూర్చుంటాము. ట్యూబు ఉన్నవారు తెచ్చి చూపండి. పేరు చదివి చెబుతాము, వైద్యం మాత్రం చెప్పము. సెలవు.