కెమెరా ముందు ఖాకీ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనిచేసి వచ్చినవాళ్ళం. తనిఖీ రోజున అందరి తలల మీదా హెల్మెట్లుంటాయని మనకు వేరే చెప్పనక్కరలేదు. టీవీ కెమెరా వెంట ఉంటే పోలీసులూ అంతే. కాకపోతే తనిఖీ అధికారి తప్పులు వెతకడానికి వస్తాడు, టీవీ కెమెరా రక్తి కట్టించడానికి వస్తుంది.

అమెరికాలో పోలీసు జీపుల వెంట తిరిగే 'లైవ్ పీడీ' అనే కార్యక్రమం ఉండేది. 2019లో టెక్సాస్‌లో, హెడ్‌లైట్లు డిమ్ చేయలేదని మొదలైన వెంటాటలో ఒక మనిషి ప్రాణం పోయింది. టీవీ బృందం అక్కడే ఉంది. ఆ దృశ్యం ప్రసారం కాలేదు సరికదా, తరువాత చెరిపేశారు. సంగతి బయటపడ్డాక 2020 జూన్‌లో ఆ కార్యక్రమమే ఆగిపోయింది.

మన సంగతి చూద్దాం. 2019 డిసెంబరు 6న 'దిశ' కేసు నిందితులు నలుగురు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లడం టీవీల్లో చూశాం, చాలామందిమి సంతోషించాం. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో తేల్చింది. మనం చూసినవి పూలు. కాల్పులు చూడలేదు.

2020 మే 16న మన విశాఖ నడిరోడ్డు మీద, సస్పెన్షన్‌లో ఉన్న ఒక ప్రభుత్వ వైద్యుడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. దారినపోయేవాళ్ళ ఫోన్లలో ఆ దృశ్యం ఉండబట్టి కానిస్టేబుల్ సస్పెండయ్యాడు, హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆ కెమెరాను ఎవరూ పిలవలేదు. దాని విలువ అందులోనే ఉంది.

కనుక కెమెరా వద్దని నేననను. అది ఎవరి చేతిలో ఉంది, ఏది కత్తిరించారు అని అడుగుదాం. ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలుండాలనీ, రికార్డు 18 నెలలు, తప్పనిసరైతే కనీసం ఏడాది దాచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. మన వాళ్ళెవరినైనా స్టేషన్‌కు తీసుకెళితే, తేదీ, వేళ రాసి, ఆ రికార్డు భద్రపరచమని వెంటనే అర్జీ పెట్టండి. మన పిల్లలకూ ఈ మాట చెప్పండి.