కళాశాల పరుగు జట్లు, శిక్షకుల రాజీనామాలు, మన బాధ్యత

(సమాఖ్య క్రీడా, మహిళా ఉపసంఘముల ఉమ్మడి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కరువు భత్యము, ఖాళీల భర్తీ, పదోన్నతులు చర్చించుకొను ఈ వేదికపై అమెరికా, కెనడా దేశముల కళాశాలల పరుగు జట్ల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చును. కారణములు రెండు కలవు. ఒకటి, మన శాఖలు క్రీడాకారుల పుట్టిళ్లు. పి.టి. ఉష దక్షిణ రైల్వే ఉద్యోగినిగా ఉండియే దేశమునకు పేరు తెచ్చినది. స్పోర్ట్స్ కోటాలో చేరిన వారు ప్రతి డివిజనులోను మన పక్కనే పనిచేయుచున్నారు. రెండవది, ఇది వట్టి ఆటల సంగతి కాదు. ఒకరి చేతిలో సర్వాధికారము, మరొకరి చేతిలో ఏమియు లేని చోట ఏమి జరుగునన్న సంగతి. అది మనకు కొత్తది కాదు. పనితీరు నివేదిక వ్రాయు చేతికి, సెలవు మంజూరు చేయు చేతికి ఎంత బలమున్నదో మనము ఎరుగుదుము.

ముందుగా ఆ జట్ల ఏర్పాటు ఎట్టిదో చెప్పుకొందము. అమెరికా విశ్వవిద్యాలయములలో పరుగు పందెముల జట్టు చదువులో భాగముగా నడచును. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టము తరువాత ఆడపిల్లలకు ఈ జట్లలో స్థానము విస్తరించినది. బాగుగా పరుగెత్తు పిల్లకు క్రీడా వేతనము లభించును. దానితోనే ఆమె చదువు సాగును. మన దేశపు యువకులును ఆ బాట పట్టినారు. ఎత్తు దూకుటలో తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమునందు, పరుగులో పర్వేజ్ ఖాన్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునందు చేరి పోటీ చేసినారు.

అయితే ఆ క్రీడా వేతనమును ఎవరికి ఎంత ఇవ్వవలెనో నిర్ణయించుటలో పెద్ద మాట శిక్షకునిదే. ఏ పందెమునకు ఎవరు పోవలెనో, ఎవరు గదిలో కూర్చుండవలెనో చెప్పువాడును అతడే. పదునెనిమిదేండ్ల పిల్ల ఇల్లు వదలి వేల మైళ్ల దూరము వచ్చి, చదువును, తిండిని, భవిష్యత్తును ఒకే మనిషి చేతిలో పెట్టుచున్నది. ఆమెకు సంఘము లేదు, పక్కన నిలబడి మాట్లాడు ప్రతినిధి లేడు.

ఈ విషయము లోకము దృష్టికి పెద్దయెత్తున వచ్చినది 2019 నవంబరులో. మేరీ కెయిన్ అను అమెరికా పరుగుకత్తె పదిహేడేండ్ల వయసున, 2013లో మాస్కో ప్రపంచ పోటీల 1500 మీటర్ల తుది పందెములో పరుగెత్తినది. కళాశాల జట్టులో చేరక, ఒక పాదరక్షల కంపెనీ నడిపిన వృత్తి శిక్షణ జట్టులో చేరినది. అక్కడ బరువు తగ్గుమని నిత్యము ఒత్తిడి పెట్టినారని, మూడు సంవత్సరములు తన ఋతుక్రమము ఆగినదని, ఐదు ఎముకలు విరిగినవని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ద్వారా బహిరంగముగా చెప్పినది. ఆమె శిక్షకుడు అల్బెర్తో సలజార్ ఆరోపణలను నిరాకరించినాడు. అమెరికా సేఫ్‌స్పోర్ట్ కేంద్రము 2021లో, వేరు ఆరోపణలపై విచారణ జరిపి, అతనిని శాశ్వతముగా అనర్హునిగా ప్రకటించినది.

ఆమె మాట విన్న తరువాత కళాశాల జట్ల పిల్లలకు ధైర్యము వచ్చినది. కనెక్టికట్ రాష్ట్రపు వెస్లియన్ విశ్వవిద్యాలయమున పూర్వ విద్యార్థినులు బహిరంగ లేఖ వ్రాసినారు. శిక్షకుడు పదవి వదలినాడు. 2021 అక్టోబరులో ఓరెగాన్ విశ్వవిద్యాలయపు ఆరుగురు క్రీడాకారిణులు అక్కడి దినపత్రికకు తమ గోడు వెళ్లబోసుకొన్నారు. ఎక్స్‌రే యంత్రముతో శరీరములోని కొవ్వును కొలిచి, ఆ అంకెలను బట్టి తమను తూచినారని, దానివలన తిండి మీద భయము పుట్టి రోగులమైతిమని వారు చెప్పినారు. ఆటలో సర్వము అంకెలేనని, తమ పద్ధతి శాస్త్రీయమని ప్రధాన శిక్షకుడు సమర్థించుకొన్నాడు. 2022లో అతని ఒప్పందము పొడిగింపబడలేదు. కొలరాడో విశ్వవిద్యాలయములోను ఇట్టి కొలతలపైనే విచారణ జరిగినది. వాటివలన గణనీయమైన సంఖ్యలో క్రీడాకారులకు హాని కలిగినదని 2023లో వెలువడిన నివేదిక తేల్చినది. అనేక జాతీయ విజయములు తెచ్చిన శిక్షకుల ఒప్పందములు 2024లో ముగిసిపోయినవి.

అంకెలకు మేము విరోధులము కాము. బండి వేగమును, తపాలా సంచి బరువును కొలుచు వారమే మనము. కాని కొలత వెనుక మనిషి ఉన్నాడు. వైద్యులు చెప్పునది వినుడు. ఖర్చు చేయు శక్తికి తగిన ఆహారము అందని శరీరము, ఇంటి ఖర్చు తగ్గించుకొను పేదవాని వలె, ముందుగా అత్యవసరము కాని పనులను ఆపివేయును. ఋతుక్రమము ఆగును. ఎముక కట్టుకొనుట మందగించును. పగుళ్లు వచ్చును. యౌవనమున కూడబెట్టుకొనని ఎముక బలము తరువాత తిరిగి రాదు. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు 2014లో ప్రత్యేకముగా పేరు పెట్టి హెచ్చరించినారు. అది మగపిల్లలకును వచ్చునని చెప్పినారు. సన్నబడిన కొలది వేగము పెరుగునన్న మాట కొన్ని నెలలు నిజమువలె కనిపించును. ఆ తరువాత వచ్చు బిల్లును చెల్లించునది ఆ పిల్ల ఒక్కతెయే.

ఇక కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయపు ఉదంతము. అది మరింత బాధాకరమైనది. మేగన్ బ్రౌన్ అను పరుగుకత్తె, తాను పదిహేడేండ్ల పిల్లగా ఉన్నప్పుడే శిక్షకుడు తనతో అనుచిత సంబంధము పెట్టుకొన్నాడని 2020 ఫిబ్రవరిలో గ్లోబ్ అండ్ మెయిల్ పత్రిక ద్వారా వెల్లడించినది. ఆమె కుటుంబము 2006లోనే విశ్వవిద్యాలయమునకు ఫిర్యాదు చేసినది. అప్పుడు అతనిని కొద్ది కాలము పక్కన పెట్టి తిరిగి జట్టును అతనికే అప్పగించినారు. జట్టు గెలుచుచునే ఉన్నది, అతనికి గౌరవములు దక్కుచునే ఉన్నవి.  అతనిని తొలగించినది 2019 డిసెంబరులో. ఫిర్యాదుకును తొలగింపునకును నడుమ పదమూడు సంవత్సరములు గడచినవి! ఆ పదమూడేండ్లలో ఆ జట్టులో ఎందరో పిల్లలు చేరినారు.

ఇక్కడనే మన ముఖ్య ప్రశ్న వచ్చుచున్నది. శిక్షకుడు రాజీనామా చేసినంత మాత్రమున న్యాయము జరిగినట్లేనా? కాదని మా అభిప్రాయము. రాజీనామాతో పత్రికలలో వార్త ఆగును. విశ్వవిద్యాలయము ఊపిరి పీల్చుకొనును. ఏమి జరిగినది, ఎవరికి తెలిసినది, ఎవరు దాచినారు అను ప్రశ్నలు మాత్రము బీరువాలోనికి పోవును. శిక్షకుడు మరియొక ఊరిలో మరియొక జట్టుకు తేలవచ్చును. 2020 మార్చిలో ముగ్గురు పూర్వ క్రీడాకారిణులు అమెరికా జాతీయ కళాశాల క్రీడా సంస్థ మీద దావా వేసినప్పుడు వారి ఆవేదన ఇదియే. శిక్షకుల అనుచిత సంబంధములను నిషేధించు నియమము ఆ సంస్థ చేయలేదని, ఆరోపణలున్న శిక్షకుడు ఒక చోటి నుండి మరొక చోటికి మారుటకు అడ్డులేకపోయినదని వారు చెప్పినారు.

ఈ విషయమున మన ప్రభుత్వోద్యోగ నియమములలో ఒక మంచి సూత్రము కలదు. తీవ్రమైన అభియోగముపై విచారణలో ఉన్న ఉద్యోగి రాజీనామా ఇచ్చినచో దానిని మామూలుగా ఆమోదింపరాదు. ఆమోదించుట ప్రజాహితమా కాదా అని అధికారి ఆలోచింపవలెను. తప్పించుకొని పోవు ద్వారముగా రాజీనామా మారకుండుటకే ఆ నియమము. క్రీడా శిక్షకులకును ఇదే వర్తింపవలెను. విచారణ పూర్తి కావలెను. ఫలితము వ్రాతపూర్వకముగా నిలువవలెను. తరువాత నియమించుకొను సంస్థ ఆ కాగితము అడిగి చూడవలెను.

సంఘీయులు కొందరు మమ్ము అడుగవచ్చును. "శిక్షకుడును ఉద్యోగియే గదా! ఆరోపణ రాగానే అతని పొట్ట కొట్టుట మన సంఘము ఒప్పుకొనునా?" అని. ఒప్పుకొనదు. రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమములు, తపాలాలో 1965 నాటి నియమములలోని 14వ నియమము, వాటన్నిటికి పైన రాజ్యాంగపు 311వ అధికరణము మన రక్షణలు. అభియోగ పత్రము ఇవ్వవలెను, జవాబు వినవలెను, సాక్షులను ప్రశ్నించు అవకాశము ఉండవలెను. ఆ హక్కు శిక్షకునికిని ఉన్నది. ఒ.ఎమ్. నంబియార్ వంటి శిక్షకులు తమ జీవితమంతయు శిష్యులకు ధారపోసినవారు. అట్టివారి గౌరవము నిలుచుటకైనను విచారణ నిజాయితీగా జరుగవలెను. కాని రక్షణ కోరుట వేరు, కప్పిపుచ్చుట వేరు. సభ్యుని పక్షమున నిలబడుట పేరిట, ఫిర్యాదు చేసిన మరొక సభ్యురాలి నోరు నొక్కుట సంఘ ధర్మము కాదు.

ఇక్కడ మా ఆత్మవిమర్శ ఒకటి చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక యువ క్రీడాకారిణి మా శాఖా కార్యాలయమునకు వచ్చినది. శిబిరములో శిక్షకుడు మాట్లాడు తీరు, రాత్రి వేళ గదికి పిలుచు తీరు చెప్పుకొని ఏడ్చినది. మేము ఏమంటిమి? "పైకి పోవు పిల్లవు, గొడవ పెట్టుకొనకమ్మా, వచ్చే జట్టులో నీ పేరు పోవును" అంటిమి. మంచి మాట చెప్పితిమనియే అనుకొంటిమి. ఆమె మరల రాలేదు. ఆ సంవత్సరమే పరుగు మానినది. నేటికిని ఉదయము టికెట్ల కిటికీ వద్ద ఆమె పని చేయుచుండగా చూచినప్పుడు మా తల వంగును. గ్వెల్ఫ్ పెద్దలను నిందించుటకు ముందు మేము మమ్ము చూచుకొనవలసి వచ్చినది.

2023 జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద కుస్తీ క్రీడాకారులు కూర్చున్న సంగతి మీరందరు ఎరుగుదురు. సాక్షీ మాలిక్, వినేశ్ ఫోగట్, బజరంగ్ పునియా అప్పుడు మన రైల్వే ఉద్యోగులే. వారి ఆరోపణల మంచిచెడ్డలు తేల్చవలసినది న్యాయస్థానము. మనము అడుగవలసినది ఒక్కటే. పతకములు తెచ్చిన వారే చెప్పుకొనుటకు వీధికి రావలసి వచ్చినచో, పేరులేని పిల్ల ఎక్కడికి పోవలెను?

చట్టము మన చేతిలో లేకపోలేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు చెప్పినది. 2013లో పని స్థలమున లైంగిక వేధింపుల నివారణ చట్టము వచ్చినది. ఆ చట్టములో పని స్థలమను మాటకు క్రీడా సంస్థ, స్టేడియము, పోటీ స్థలము కూడ చేరునని స్పష్టముగా వ్రాసియున్నది. బాధితురాలు ఉద్యోగిని కానక్కరలేదు. పదిమంది లేక అంతకు మించి పనిచేయు చోట అంతర్గత సంఘము ఉండవలెను. దానికి స్త్రీయే అధ్యక్షురాలు, సభ్యులలో సగమునకు తగ్గక స్త్రీలు, బయటివారు ఒకరు. మూడు నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో మరి మూడు నెలలు గడువు పెంచవచ్చును. తొంబది దినములలో విచారణ ముగియవలెను. ఫిర్యాదిదారు పేరు బయట పెట్టరాదు.

చివరగా అమెరికా నుండి మరియొక మాట. 2024 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాండ్రు తమకు సంఘము కావలెనని 13 ఓట్లకు 2 ఓట్లుగా తీర్మానించినారు. యాజమాన్యము ఒప్పుకొనలేదు. ఆ సంవత్సరాంతమున వారు తమ దరఖాస్తును ఉపసంహరించుకొనవలసి వచ్చినది. గెలుపు కాకపోవచ్చును. కాని ఆటగాడు ఒంటరిగా మాట్లాడినప్పుడు అది ఫిర్యాదు, పదిమంది కలిసి మాట్లాడినప్పుడు అది బేరము అని వారు కనిపెట్టినారు. మన తాతలు రైలు షెడ్లలో, తపాలా సార్టింగు కార్యాలయములలో కనిపెట్టినదియు అదియే.

కనుక ఈ సమావేశము ముందు మూడు పనులు పెట్టుచున్నాము. ప్రతి క్రీడా శిబిరములో అంతర్గత సంఘము సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు గోడపై కనబడునట్లు అంటింపించవలెను. శిబిరమునకు పోవు ప్రతి యువతికి, యువకునికి శాఖ తరఫున ఒక పరిచయస్థుని ఏర్పరచవలెను. శిక్షకుడు కాక వేరొకరు వారిని వారమునకొకసారి పలుకరింపవలెను. వేధింపుల ఫిర్యాదు ఉన్న శిక్షకుని రాజీనామా విచారణ ముగియక ఆమోదింపరాదని యాజమాన్యముతో లిఖితపూర్వకముగా కోరవలెను.

మరల ఒక పిల్ల మన కార్యాలయపు గడప తొక్కినప్పుడు, కుర్చీ చూపి, "కూర్చో అమ్మా, మొదటి నుండి చెప్పు, మేము వ్రాసికొందుము" అనగలిగినచో, ఈనాడు మనము ఇక్కడ కూర్చున్నందుకు ఫలితము దక్కినట్లే.