కోడ్ తెరిచే ఉంది, కబురే చేరట్లేదు

ఈ ఎపిసోడ్‌లో ఓపెన్ సోర్స్ మొబైల్ గురించి మాట్లాడుకుందాం. కోడ్ ఎలా రాస్తారన్నది కాదు నా విషయం. ఒక కంపెనీ తన ఓఎస్ గురించి నిర్ణయం తీసుకుంటే ఆ కబురు ఎవరికి చేరుతోంది, ఎవరికి చేరట్లేదు అన్నది. ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి దాకా వెళ్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ముందు ఒక పాత సంగతి చెప్తాను. 2014 ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ అని ఒక ఫోన్ వచ్చింది, గుర్తుందా? ధర 1,999 రూపాయలు, ర్యామ్ 128 ఎంబీ. లోపల నడిచేది మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ ఓఎస్. మొజిల్లా ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ కింద నడిచే సంస్థ. వాళ్ళ బ్రౌజర్‌ని తెలుగులోకి తెచ్చింది కూడా జీతం తీసుకోని మన వాలంటీర్లే. అంటే సమాజంతో మాట్లాడటం బాగా తెలిసిన సంస్థ అన్నమాట.

అలాంటి సంస్థ 2015 డిసెంబరులో, టెలికాం కంపెనీల ద్వారా ఈ ఫోన్లు అమ్మడం ఆపేస్తున్నామని ప్రకటించింది. 2016లో ఫోన్ల కోసం ఆ ఓఎస్ మీద పని కూడా ఆగిపోయింది. కారణాలన్నీ వివరంగానే చెప్పారు. కానీ ఇంగ్లిషులో, డెవలపర్లు చదివే చోట చెప్పారు. మరి రెండు వేలు పెట్టి కొనుక్కున్నాయనకి ఎవరు చెప్పాలి? మొజిల్లానా, ఇంటెక్సా, అమ్మిన షాపాయనా? అది ఎవరి పనీ కాకుండా పోయింది.

కోడ్ మాత్రం చావలేదండీ. దాని మీదే కైఓఎస్ వచ్చింది, 2017లో అదే జియోఫోన్‌గా ఊరూరా చేరింది. 2018లో అందులోకి వాట్సాప్ వచ్చింది, 2025 మొదట్లో ఆగిపోయింది. ఆ విషయం ముందుగా తెలియని మనిషి ఏమనుకుంటాడు? ఫోన్ పాడైందనుకుని రిపేరు షాపుకి పట్టుకెళ్తాడు.

ఇప్పుడు ఆండ్రాయిడ్ సంగతి. 2025 ఆగస్టులో గూగుల్ ఒక నిబంధన ప్రకటించింది. సర్టిఫై అయిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లే స్టోర్ బయటి యాప్ వేసుకోవాలన్నా, దాన్ని తయారుచేసినవాళ్ళు తమ వివరాలు గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. మోసాలు ఆపడానికే అంటున్నారు. అది ఉత్త సాకు కాదు, లింకు పంపి డబ్బు కాజేసే మోసాలు మన దగ్గరా ఉన్నాయి.

అయితే సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో యాప్ అనేది బ్లూటూత్‌లోనో, మెమరీ కార్డులోనో చేతులు మారే వస్తువు. రేపు ఎవరైనా కుర్రాడు కోయ పాటలకో, పిల్లల పాఠాలకో చిన్న యాప్ చేసి ఇలా పంచితే ఈ నిబంధన అతనికీ తగులుతుంది. అది తెలియాలిగా?

ఎఫ్-డ్రాయిడ్ లాంటి ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నవంబరులో గూగుల్ కొంత తగ్గింది. రిస్కు తెలిసి వేసుకుంటాం అనేవాళ్ళకి వేరే దారి ఇస్తామంది. అడిగితే వింటారని దీన్నిబట్టి తెలుస్తోంది. కాకపోతే విన్నది ఇంగ్లిషులో రాయగలిగినవాళ్ళ మాట. కోయ మాట్లాడే ఇంట్లో తెలుగే రెండో భాష, ఇంగ్లిషు సంగతి చెప్పక్కర్లేదు.

కంపెనీలను నేను అడిగేది మూడే. ఒకటి, ఫోన్‌కి సంబంధించిన కబురు ఫోన్‌లోనే రావాలి, వాడేవాళ్ళ భాషలో, చదవలేనివాళ్ళకి వినిపించేలా. రెండు, నిర్ణయం అయిపోయాక కాదు, అవ్వకముందే అడగాలి. మూడు, తెలుగులో ప్రశ్న వేస్తే తెలుగులో జవాబు చెప్పే మనిషి ఉండాలి.

లైసెన్సు ప్రకారం ఇవేవీ వాళ్ళు చెయ్యనక్కర్లేదు, నిజమే. కోడ్ ఇచ్చేస్తే చాలు. కానీ అడవి అంచున ఉన్న మనిషికి ఆ కోడ్ ఎలాగూ అందదు, అందేది కబురొక్కటే. అది కూడా అందకపోతే ఆయన వరకు అది ఓపెన్ ఎలా అవుతుంది?

మీ ఊళ్ళో యాప్‌లు ఎలా చేతులు మారుతున్నాయో కామెంట్లలో తెలుగులోనే రాయండి.