తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది?

(పాఠశాలల కరస్పాండెంట్లు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు, టెలివిజను, సెల్‌ఫోను మొదలైన పరికరములతో సాగు చదువునకు పాఠశాల స్థలమును ఎట్లు అమర్చుకొనవలెనను అంశముపై మాటలాడుమని నన్ను కోరినారు. నేను ఇంజనీరును కాను. వేదాంత కళాశాలలో చదివి పాస్టరునైన వాడను. పాస్టరేటుతోబాటు పాఠశాల బాధ్యతయు మీద పడినందున గోడలు, కిటికీలు, కరెంటు బిల్లులు అనువాటిని గూర్చి ఆలస్యముగా నేర్చుకున్నవాడను. కాబట్టి ఇతరులకు సలహా చెప్పకముందు నా తప్పు ఒకటి మీ ముందు ఉంచెదను.

2016లో నేను కరస్పాండెంటుగానున్న ఒక గ్రామ పాఠశాలకు దాతలు పది కంప్యూటర్లు ఇచ్చినారు. మేము సంతోషించి, ఉన్న గదులలో మంచి గదిని ఖాళీచేసి, కిటికీలు మూసి, తెరలు కట్టి, తలుపునకు పెద్ద తాళము వేసినాము. తాళపుచెవి నా యొద్దనే ఉండెడిది. దొంగలు వత్తురని ఒక భయము, పిల్లలు పాడుచేయుదురని మరియొక భయము. పెద్దలెవరైన వచ్చినప్పుడు గది తెరచి, గుడ్డలు తీసి చూపించెడివారము. ఒకనాడు ఐదవ తరగతి పిల్లవాడు నన్ను ఆపి, "అయ్యగారూ, ఆ గదిలో ఎవరు చదువుకుంటారండీ?" అని అడిగినాడు. నేను నవ్వి ఊరకుంటిని. తలాంతును భూమిలో దాచినవానిని గూర్చి ఎన్నోమారులు ప్రసంగించిన నాకు, ఆ దినమున నా జేబులోని తాళపుచెవి జ్ఞాపకము రాలేదు.

ప్రియులారా, బడిలోనికి యంత్రము వచ్చుట నిన్న మొన్నటి సంగతి కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరముపాటు మన దేశములో 'సైట్' అను ఉపగ్రహ టెలివిజను ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పెట్టెలు అందినవి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులోను కార్యక్రమములు వచ్చినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములుండెను. కోళ్లకు కట్టు వలవంటి తీగవలతో చేసిన పదియడుగుల గొడుగు ఆకాశమునుండి బొమ్మను దింపెడిది. ఆ ప్రయోగము చేసినవారు పెట్టెను మాత్రమే పంపి ఊరకొనలేదు. ఉపాధ్యాయుల శిక్షణను కూడ అందులో చేర్చినారు. పెట్టె ఎదుట ఉపాధ్యాయుడు లేనియెడల అది ఆటబొమ్మయే అగునని వారు ఎరుగుదురు.

అయితే పెట్టె పెట్టుటకు ముందు కూర్చుండుటకు చోటు కావలెను గదా! 1987లో ఆరంభమైన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము ఏమి ఉండవలెనో చెప్పినది. ఎండకు వానకు పనికివచ్చు రెండు పెద్ద గదులు, లోతైన వరండా, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, ఇద్దరు ఉపాధ్యాయులు. ఈ పట్టికలోని వరండా అను మాటను దయచేసి గుర్తుంచుకొనుడి. దాని యొద్దకు మరల వచ్చెదను.

ఇక తరగతి గదిని చూతము. తెరను కిటికీకి ఎదురుగా పెట్టినచో అది అద్దమగును. పిల్లలకు పాఠము కనబడదు, తమ ముఖములే కనబడును. కిటికీ ప్రక్కనే పెట్టినచో వెలుగు కన్నులలో కొట్టును. కిటికీలు మూసినచో ఎండకాలములో అరువదిమంది పిల్లలు ఉడికిపోవుదురు. కాబట్టి వెలుగు ప్రక్కనుండి పడునట్లు, కిటికీ లేని గోడకు తెరను అమర్చవలెను. రేకుల కప్పు క్రింద వాన కురిసినచో ఎంత మంచి యంత్రమైనను మూగదగును. ముందు కప్పు సంగతి చూడవలెను. ప్లగ్గులు ఒకే మూల ఉన్నచో వైర్లు పిల్లల కాళ్లకు తగులును. ఎర్తింగు లేని వైరింగు పసిబిడ్డల ప్రాణములతో ఆడుకొనుట. ఇవి చిన్న సంగతులు. కాని కొనుగోలు రసీదులలో యంత్రము ధర కనబడునుగాని, కిటికీ ఏ దిక్కున ఉన్నదో కనబడదు.

కూర్చుండు తీరు మరియొకటి. వరుసలుగా బల్లలు వేసినప్పుడు చివరి బల్ల ఎప్పుడును చివరి బల్లయే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీవారు నడిపిన పల్లె బడులలో పిల్లలు చిన్న గుంపులుగా చాపలమీద కూర్చుండి, కార్డులతో, మెట్లు మెట్లుగా, ఎవరి వేగమున వారు నేర్చుకొందురు. గోడ అడుగున పిల్లల చేతికి అందునంత ఎత్తున నల్లబల్ల ఉండును. అక్కడ యంత్రము ఏదియు లేదు. అయినను చోటును బిడ్డ కొలతకు కుదించినారు. గుంపులుగా కూర్చుండు అలవాటున్న తరగతిలో ఒక్క కంప్యూటరైనను ముగ్గురికి, నలుగురికి ఉపయోగపడును. వరుసల తరగతిలో పది ఉన్నను చాలవు.

1999లో ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా గారు ఒక గోడకు రంధ్రము చేసి, వీధిపిల్లలకు అందునట్లు కంప్యూటరును అమర్చినారు. నేర్పువారు లేకున్నను పిల్లలు ఒకరినిచూచి ఒకరు నేర్చుకొనిరి. మేము కంప్యూటరును గోడ లోపల దాచితిమి. ఆయన గోడ బయటికి తెచ్చెను. అయితే అట్టి కేంద్రములు కొన్ని చోట్ల చూచుకొనువారు లేక పాడుపడినవి. తాళము తీసినంత మాత్రమున చాలదు. తీసిన తరువాత దగ్గర నిలుచువారు ఉండవలెను.

ఇంతవరకు కంటికి కనబడు బడిని గూర్చి చెప్పితిని. కంటికి కనబడని బడి ఒకటి 2020లో మన ఇండ్లలోనికి వచ్చినది. కరోనావలన ఆ సంవత్సరము మార్చిలో బడులు మూతపడినవి. తెలంగాణలో సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ చానళ్ల ద్వారా పాఠములు ప్రసారమైనవి. అనేక పాఠశాలలు సెల్‌ఫోనులలో తరగతులు నడిపినవి. నిజమే, పాఠములు ఆగలేదు. కాని ఆ బడికి తలుపు ఎక్కడ? ఫోను ఉన్నవానికే తలుపు. డేటా అయిపోయినప్పుడు తలుపు మూతపడును. ఫోను తండ్రి జేబులో కూలిపనికి వెళ్లినచో తాళపుచెవి పొలములో ఉన్నట్లే.

మా గ్రామములో ఎనిమిదవ తరగతి చదువు ఒక అమ్మాయి ఉండెను. ఇంటిలో ముగ్గురు పిల్లలకు ఒక్కటే ఫోను. అది సాయంకాలము ఆరు గంటలకు తండ్రితో ఇంటికి వచ్చెడిది. ఒక్క గదిలో వంట, మాటలు, చంటిపిల్ల ఏడ్పు. ఆ అమ్మాయి ఫోను తీసికొని మా ఇంటి వరండాలోనికి వచ్చి, "అమ్మగారూ, ఇక్కడ కొంచెంసేపు కూర్చోనా?" అని అడిగినది. నా భార్య చాప వేసినది. రెండవ వారమునకు పదకొండుమంది అయినారు. దూరదూరముగా కూర్చుండి, ఉన్న నాలుగు ఫోనులలో పాఠము చూచి, చూచినదానిని ఒకరికొకరు చెప్పుకొనెడివారు. ఒక ఉపాధ్యాయురాలు వారమునకు మూడు దినములు వచ్చి సందేహములు తీర్చెడివారు.

మా వరండాకు ఎదురుగానే తాళము వేసిన ఆ గది ఉన్నది. ఒక సాయంకాలము నేను వెళ్లి తాళము తీసితిని. నాలుగు సంవత్సరములు గుడ్డల క్రింద ఉన్న పదింటిలో నాలుగు మాత్రమే పనిచేసినవి. మిగిలినవాటి వైర్లను ఎలుకలు కొరికివేసినవి. దొంగలు రాలేదు, పిల్లలు పాడుచేయలేదు. నా జాగ్రత్తయే వాటిని పాడుచేసినది.

కనబడని బడికి కూడ గోడ, కిటికీ, వరండా కావలెనని ఆ సంవత్సరము నాకు తెలిసినది. నెట్ లేకున్నను నడచు పాఠములే దానికి కిటికీలు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకిచ్చిన ట్యాబులలో పాఠములను ముందే నింపియిచ్చిరి. ఆ ఆలోచన మంచిది. తరగతి గ్రూపులో ఎవరు చేరవచ్చునో, బిడ్డల ఫోటోలను ఎవరు చూడవచ్చునో, రాత్రి ఎన్నిగంటల తరువాత ఉపాధ్యాయునికి మెసేజి పంపకూడదో నిర్ణయించుటయే దానికి గోడ. ఇక ఇంటిలో చోటు లేని బిడ్డకు కూర్చుండుటకు వెలుగు, ఒక చాప, ఒక పెద్ద మనిషి ఉన్న చోటే దానికి వరండా. ఇది యంత్రములు అమ్మువారి జాబితాలో ఉండదు.

బడి తెరచిన తరువాత మేము చేసినది కొంచెమే. కంప్యూటరు గదిని మరల తరగతికి ఇచ్చినాము. నాలుగు యంత్రములను నాలుగు తరగతుల మూలలలో పెట్టి, తరగతికి ఇద్దరు పిల్లలకు వాటి బాధ్యత అప్పగించినాము. వరండాలో రెండు లైట్లు, నాలుగు ప్లగ్గులు, పొడుగాటి బల్ల ఏర్పాటుచేసి సాయంకాలము ఏడున్నర వరకు తెరచి ఉంచుచున్నాము. అందరు పిల్లలు వచ్చుటలేదు. ఒక యంత్రము మరల పాడైనది కూడ. అయినను, ఆడుచు పాడైనది అది. దాగి పాడైనది కాదు.

కాబట్టి కమిటీలో కూర్చున్నవారికి నా మనవి ఒక్కటే. మీ బడికి క్రొత్త పరికరము కొనుటకు తీర్మానము వ్రాయుటకు ముందు, ఒక మధ్యాహ్నము ఆ తరగతిలో చివరి బల్లమీద గంటసేపు కూర్చుండుడి. అక్కడనుండి ఏమి కనబడుచున్నదో, ఏమి వినబడుచున్నదో వ్రాసికొనుడి. ఆ సాయంకాలమే ఆ బల్లమీది బిడ్డ ఇంటికి వెళ్లి, ఆ బిడ్డ ఎక్కడ కూర్చుండి చదువుచున్నదో చూడుడి. అటుపిమ్మట తీర్మానము వ్రాయుడి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై బడి విడిచి వెళ్లినాడు. అతని ప్రశ్నకు సమయమునకు జవాబు చెప్పలేకపోతిని. ఆ తాళపుచెవి నేటికిని నా బల్ల సొరుగులో ఉన్నది. దానికి తాళము లేదు. మరచిపోకుండునట్లు ఉంచుకొన్నాను.