వేటగుర్తు ఇంట చేర్చుట



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారికి పోచారము అడవి సుపరిచితము. ఒకనాడు నిజాము ప్రభువుల వేటభూమియైన ఆ అడవి 1952లో అభయారణ్యమైనది. వేట ముగిసినను, ఆ కాలపు వేటగుర్తులు కొన్ని పాత ఇండ్లలో మిగిలియుండవచ్చును. తోలును అచ్చుపై బిగించి, గాజుకన్నులమర్చి చేసినవి అవి. మైసూరులోని వాన్ ఇంజెన్ సంస్థ ఈ పనియందు ప్రసిద్ధి గాంచి, 1999లో మూతపడినది.

అన్నదమ్ముల పంపకములలో అట్టి అడవిదున్న తల ఒకరి వంతునకు వచ్చినదనుకొనుడు. ముందుగా ద్వారబంధపు వెడల్పును, కొమ్ముల నడిమి దూరమును కొలువవలెను. కొమ్ములను గాని చెవులను గాని పట్టి ఎత్తరాదు. వెనుకనున్న చెక్కను ఇద్దరు పట్టి, తలను ప్రక్కకు త్రిప్పి లోనికి తేవలెను.

అయితే ఇంటి గడపకంటె ముందు దాటవలసిన గడప వేరొకటి కలదు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము. యాజమాన్య ధ్రువపత్రము లేనిదే పులి, అడవిదున్న వంటి మృగముల తలల నుంచుకొనుట నేరము. వానిని అమ్మరాదు, కొనరాదు. వారసత్వముగా మాత్రమే పొందవచ్చును. పొందినవారు 90 దినములలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలుపవలెను. ధ్రువపత్రమును భూముల పట్టాలవలె భద్రపరచుకొనుడు. ఉంచుకొన నిష్టము లేనివారు 2022 నాటి సవరణ ననుసరించి, ప్రతిఫలము కోరక, ప్రభుత్వమునకు అప్పగింపవచ్చును.

తాతల శౌర్యమునకు గుర్తని కొందరు గర్వింతురు. ఆ తలను గోడమీద చూచిన పిల్లలను ఒకసారి పోచారమునకును తోడ్కొనిపొండు. అచట దుప్పి తన కాళ్లపై తాను నడచిపోవుటను వారు చూతురు గాక!